గేటు దగ్గర తెలుగు బోర్డు

భీమవరం దగ్గర ఒక రొయ్యల కంపెనీలో సిబ్బంది బాగోగులు చూసే ఉద్యోగంలో నేను చేరేనాటికి రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకు తలలు తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి విదేశాలకు పంపేవాళ్లం. వలిచేవాళ్లంతా ఆడవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వ్యానుల్లో వచ్చి, పొద్దుగూకే వరకూ ఐసునీళ్లలో చేతులు పెట్టి నిలబడేవారు. రొయ్య కొమ్ము గుచ్చుకుంటే వేలు వాచి చీము పట్టేది. మరుగుదొడ్డి తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉండేది. మగవాణ్ణి అడగలేక చాలామంది పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగడమే మానేసేవారు.

ఆ రోజుల్లో మా సరుకు కొనే విదేశీ సంస్థ ఒక షరతు పెట్టింది. కార్మికుల క్షేమం, పరిసరాల శుభ్రత గురించి దేశదేశాల కంపెనీలు ఒప్పుకున్న సూత్రాలను మేమూ పాటిస్తామని మా ఛైర్మన్ గారు సంతకం చేయాలి. చేశారు. ఆఫీసు వరండాలో ఇంగ్లీషు బోర్డు వెలిసింది, ఫొటోలు తీశారు. అదే తెలుగులో గేటు దగ్గర కూడా పెట్టాలని కొనేవాళ్లు అన్నారు. రాసే పని నాకు అప్పగించారు.

"వృత్తిపరమైన ఆరోగ్య భద్రతా ప్రమాణాల పరిరక్షణకు సంస్థ కట్టుబడి ఉన్నది" అని మొదలుపెట్టి రాశాను. మేనేజర్ గారు చదివి, "భలే ఉందండీ, అచ్చం జీవోలా ఉంది" అన్నారు. ఆ మెచ్చుకోలుతోనే నాకు అనుమానం వచ్చింది. భోజనాల వేళ రొయ్యలు వలిచే షెడ్డుకి వెళ్లి, పదో తరగతి దాకా చదువుకున్న ఒకావిడకి చూపించాను.

"ఏంటండీ ఇది, కోర్టు కాయితమా?" అందావిడ.

"కాదండీ, మీ గురించే."

"మా గురించైతే మాకు తెలిసేటట్టు రాయండి మరి."

ఇంటికెళ్లి మళ్లీ రాశాను. "పనిలో మీ ఒంటికి దెబ్బ తగలకుండా చూసే పూచీ కంపెనీది. చేతులకు తొడుగులు కంపెనీయే ఇస్తుంది. మరుగుదొడ్డికి వెళ్లడానికి ఎవరినీ అడగక్కర్లేదు. కష్టం చెప్పుకున్నందుకు ఎవరినీ పనిలోంచి తీసెయ్యరు. మురుగునీరు శుభ్రం చేయకుండా కాలువలోకి వదలం." ఇంగ్లీషులో ఉన్నదాన్ని విడమరిచాను, అంతే.

మేనేజర్ గారు కంగారుపడ్డారు. "ఇలా రాస్తే రేప్పొద్దున్నే వచ్చి అడుగుతారండీ బాబూ!"

"అడగాలనే కదండీ సంతకం పెట్టింది?"

"సంతకం కొనేవాళ్ల కోసమండి. ముందు రాసిందే పెట్టించండి."

"పెట్టించనండి. ఛైర్మన్ గారినే అడుగుతాను" అన్నాను. ఆ కాగితం తీసుకుని నేరుగా ఆయన గదికి వెళ్లాను.

ఛైర్మన్ గారు వరిచేలను చెరువులుగా తవ్వించి పైకొచ్చిన రైతు. కాగితం పైకి చదువుకున్నారు, మళ్లీ చదివారు.

"ఇయ్యన్నీ నేను ఒప్పుకున్నానా అమ్మా?"

"ఒప్పుకున్నారండి."

"తొడుగులు కూడానా?"

"దెబ్బ తగలకుండా చూస్తామన్నారు కదండీ. అవి లేకుండా ఎలా చూస్తాం?"

ఆయన కాగితం బల్ల మీద పెట్టారు. "ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఇంత బరువనిపించలేదు. సరే, మాటిచ్చాక తప్పుద్దా, రాయించు. కాలువ సంగతి మాత్రం తీసెయ్. మురుగు శుభ్రం చేసే యంత్రం పెట్టడానికి ఏడాది పడుద్ది. అబద్ధం రాయొద్దు."

"తీసెయ్యనండి. 'ఏడాదిలోగా ఆపేస్తాం' అని మారుస్తాను."

నా వైపు తేరిపార చూసి, "మొండిదానివే" అని కాగితం మీద సంతకం చేశారు.

బోర్డు పెట్టిన పొద్దున వ్యాను దిగిన ఆడవాళ్లు అక్కడే గుమిగూడారు. షెడ్డులో నన్ను నిలదీసినావిడే అందరికీ వినబడేలా చదివింది. తిన్నగా సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి, "మరుగుదొడ్డి తాళం తీసెయ్యండి. ఇంక మిమ్మల్ని అడగం" అంది. ఆయన నా వైపు చూశాడు. "తీసెయ్యండి" అన్నాను. మళ్లీ ఆ తలుపుకి బయట తాళం పడలేదు.

తొడుగులతోనే పెద్ద తంటా అయింది. మొదట వచ్చినవి మగవాళ్ల చేతులకి సరిపోయేవి. రొయ్య జారిపోతోందని అందరూ విప్పి పారేశారు. "ఇచ్చాం, వాళ్లే వేసుకోలేదు" అని మేనేజర్ గారు చేతులు దులుపుకోబోయారు. నేను కొందరి చేతులు కాగితం మీద పెట్టించి, చుట్టూ గీతలు గీసి, ఆ కాగితాలే అమ్మేవాళ్లకి పంపించాను. రెండోసారి వచ్చినవి సరిపోయాయి. చీముపట్టిన వేళ్లు తగ్గుతూ వచ్చాయి.

యంత్రం మాత్రం చెప్పిన గడువుకి రాలేదు. కాలువ దిగువనున్న ఊరివాళ్లు వచ్చి బోర్డు చూపించి, "ఏడాదన్నారు కదండీ?" అని అడిగారు. వాళ్లని గేటు దగ్గరే ఆపెయ్యమని మేనేజర్ గారు ఫోన్ చేశారు. నేనే వెళ్లి వాళ్లని వెంటబెట్టుకుని ఛైర్మన్ గారి గదికి తీసుకెళ్లాను. మాట పడటం ఆయనకి కష్టమైంది. వాళ్ల ముందే ఫోన్ అందుకుని యంత్రానికి ఆర్డరిచ్చారు.

యంత్రం వచ్చాక కాలువ పూర్తిగా తేటపడిందని చెప్పను. వాసన తగ్గింది, గేదెలు మళ్లీ నీళ్లలో దిగాయి. అక్కడ పనిచేసినన్నాళ్లూ చెప్పాపెట్టకుండా షెడ్డు వెనక్కి వెళ్లి, ఆ యంత్రం మోటారు తిరుగుతోందో లేదో చూసుకునేదాన్ని. కరెంటు ఖర్చని ఆపేసి ఉంటే, మళ్లీ వేసేదాకా అక్కణ్ణుంచి కదిలేదాన్ని కాదు.