పెనుకొండ మీద దగ్గిన రేడియో

నువ్వుగింజను తాటికాయ చేసి చెప్పడం నా జబ్బు, ముందే ఒప్పుకుంటున్నాను.

మాది హిందూపురం. నేనూ, ధర్మవరంలో పట్టుచీరలు నేసే రామాంజీ లైసెన్సు తీసుకుని, ఇంట్లోంచే రేడియోలో ఊరూరి వాళ్లతో మాట్లాడే పిచ్చోళ్లం. సొంతంగా చేస్తున్న రేడియోకు ఫ్రీక్వెన్సీని పుట్టించే సింథసైజర్ కావాల్సి వచ్చింది.

"రొద లేనిది కొనప్పా" అన్నాడు రామాంజి. నేను మాత్రం రెప్పపాటులో స్టేషన్లు మార్చేది చూసి మోజుపడి కొన్నాను.

మిట్టమధ్యాహ్నం పెనుకొండ కొండెక్కి, మేకలు ఎగిరిపోయే గాలిలో ఏరియల్ కట్టాం. స్టేషన్ మార్చినప్పుడల్లా ఒకటే హోరు. ఉన్నట్టుండి రామాంజి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మా నాయన దగ్గుతాండాడు. ఏమప్పా, నీకు వినపడలేదా?"

మాలాగే రేడియోలో మాట్లాడుతూ, మైకు ముందు రెండుసార్లు దగ్గి గానీ మాట మొదలుపెట్టని ఆ పెద్దాయన పోయి అప్పటికి ఆరు నెలలు.

"అది రొదప్పా. నాకేం వినపడలేదు" అన్నాను.

ఆ తర్వాత వెతికి వెతికి, అంతే వేగంగా మారేది, రొద లేనిది తెచ్చి బిగించాను. అదే కొండ మీద రేడియో చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. రామాంజి చాలాసేపు చెవి ఆనించి కూర్చున్నాడు.

"పాతదే పెట్టబ్బా" అన్నాడు చివరికి. పెట్టాను.

మేకల సంగతి కొంచెం పెంచాను. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే: నాకేం వినపడలేదని అతనితో అన్న మాట.