స్లైడ్ మీద మూడు చుక్కలు

2017 సెప్టెంబరు మొదటి వారం. ఉత్తర ఐర్లండ్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. హార్బరు వీధి చివర మా తుపాకుల షాపు. ముందు కౌంటరు, వెనక వర్క్‌షాపు, దాని పక్కన ఇనప తలుపున్న స్టోరు. ఆ వెనక గదిలో నేను ఇరవై ఏళ్లకు పైగా మరమ్మతులు చేశాను.

ఈ మాట ఇంగ్లండులో ఉన్న మనవాళ్లకు చెబితే నమ్మరు. స్టాన్‌మోర్‌లో మా మరదలి ఇంట్లో భోజనాల దగ్గర ఒకసారి ఈ ప్రస్తావన వస్తే, "బావగారూ, ఈ దేశంలో పిస్టల్ అమ్మేదెవరు? మీది బొమ్మల షాపేమో, సరిగ్గా చూసుకోండి" అంది. ఆమె అన్నదీ నిజమే. అక్కడ మామూలు మనిషి పిస్టల్ పెట్టుకోవడానికి వీల్లేదు. ఉత్తర ఐర్లండ్ చట్టం వేరు. షూటింగ్ క్లబ్బులో చేరి, పోలీసులు విచారించి సర్టిఫికెట్ ఇస్తే, గురి పోటీలకోసం ఒకటి ఇంట్లో ఇనప బీరువాలో తాళం వేసి ఉంచుకోవచ్చు.

నాది గాజువాక. విశాఖలో ఓడల మరమ్మతు షెడ్డులో ఫిట్టరుగా పని నేర్చుకుని, బెల్‌ఫాస్ట్‌లో ఇనుము చెక్కే లేతు మిషను మీద కొన్నాళ్లు చేసి, అక్కడ పని పలచబడ్డాక ఈ షాపులో చేరాను. యజమాని శామ్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఎవరితో ఏ గొడవ వచ్చినా టీ పెట్టడంతో మొదలుపెట్టే మనిషి. రోజూ పడుకోబోయే ముందు ఆనాటి పని డైరీలో రాసుకునే అలవాటు నాకుంది గనక చాలా కేసులు గుర్తున్నాయి. ఇది మాత్రం డైరీ తెరవకుండానే చెప్పగలను.

డాక్టర్ ప్రభాకరంగారిది తెనాలి దగ్గర. ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆయన మొదటిసారి మా షాపుకు వచ్చినప్పుడు నేను లోపలినుంచి తెలుగులో పలకరిస్తే కౌంటరు మీద చెయ్యి ఆనించి లోపలికి తొంగి చూశారు.

"ఏ ఊరండీ మీది?"

"గాజువాకండి."

"అయితే ఉప్పుగాలి సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. తుప్పు పట్టనిది ఇప్పించండి."

వాడినవాటిలో ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ సెమీ ఆటోమేటిక్ చూపించాను. చిన్న తూటా, పాయింట్ టూ టూ. ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒకటే పేలుతుంది. ఆ అదురుకి పైనున్న స్లైడ్ వెనక్కి వెళ్లి, పిడిలో ఉండే మ్యాగజీన్ నుంచి ఇంకో తూటా లోపలికి తెచ్చుకుంటుంది. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు అసలు పట్టదని కాదనీ, ఆలస్యంగా పడుతుందనీ ముందే చెప్పాను.

ఆయన నవ్వారు. "నేనూ అంతే. పేషంటుకి నొప్పి ఉండదని చెప్పను. తెలియదని చెప్తాను."

ఆ పిస్టల్ తీసుకున్నారు. అప్పటినుంచి శనివారాలు క్లబ్బు, దారిలో మా షాపు, శామ్ టీ. అంతా బాగానే ఉండేది గానీ, ఏటా చలి మొదలయ్యేసరికి ఒక ఫిర్యాదు వచ్చేది.

"సత్యంగారూ, మళ్లీ వచ్చింది."

స్లైడ్ ఎడమవైపున గీతలు గీతలుగా కనపడేది. తుప్పు కనపడగానే ఆయన వంటింట్లో గిన్నెలు తోమే పీచుతో రుద్ది, ఆ తర్వాత నా దగ్గరికి తెచ్చేవారు. మచ్చ ఏ ఆకారంలో ఉండేదో చూసే అవకాశం నాకు ఎన్నడూ రాలేదు. నేను గీతలు సాఫు చేసి, నూనె మార్చి, బీరువాలో చెమ్మ పీల్చే పొట్లాలు పెట్టించేవాణ్ణి. పిస్టల్ పెట్టెలో స్పాంజి కూడా మార్పించాను. మళ్లీ ఏడు మళ్లీ వచ్చేది. చివరికి ఇద్దరం కలిసి సముద్రాన్ని తిట్టుకునేవాళ్లం.

2016 దసరా వెళ్లిన నాలుగైదు రోజులకి ఆయన జబ్బు పడ్డారు. జనవరిలో పోయారు. సర్టిఫికెట్ ఉన్న మనిషి పోతే తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. శామ్ వెళ్లి పెట్టెతో సహా తెచ్చి స్టోరులో పెట్టాడు. నేను పెట్టె తెరవలేదు. తెరవాలనిపించలేదు.

వేసవిలో శామ్ షాపు మూసేద్దామని నిర్ణయించుకున్నాడు. స్టోరులో ఉన్నవి నవంబరులోగా అమ్ముడుపోవాలి, లేదా పోలీసులకు అప్పగించాలి. అప్పగించినవాటిని ముక్కలుగా కోయిస్తారు. డాక్టరుగారి భార్య వసుంధరగారికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాల్సింది నేనే.

"అన్నయ్యగారూ, నాకు దాన్ని ముట్టుకోవాలన్నా భయం. కానీ కోయించకండి. శనివారం వచ్చిందంటే ఆయనకి అదే. ఎవరో ఒకరు దాంతో ఆడుకుంటూ ఉండాలి" అన్నారావిడ.

మాకు తెలిసినవాళ్లలో దాన్ని తీసుకోగల మనిషి ఒక్కరే ఉన్నారు. నోరీన్. స్కూలు బస్సు నడిపి రిటైరైంది, క్లబ్బులో మంచి గురి. ఆమె పాత నల్ల పిస్టల్ అరచేతి చెమటకే తుప్పుపట్టి పాడైంది. స్టెయిన్‌లెస్ కావాలి, వాడినదైనా పర్వాలేదు, బొటనవేలి కీలు అరిగింది గనక స్లైడ్ తేలిగ్గా వెనక్కి రావాలి. డాక్టరుగారికి కూడా జబ్బు పడకముందు రెండు మూడేళ్లుగా వేళ్లు సహకరించేవి కావు. అందుకని లోపలి స్ప్రింగు ఆ చేతికి తగ్గట్టు నేనే మెత్తగా అమర్చాను.

ఆ సెప్టెంబరు రోజున కౌంటరు మీద పచ్చ గుడ్డ పరిచి మూడు పిస్టళ్లు పెట్టాను. వసుంధరగారు కూడా వచ్చి మూల కుర్చీలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరు తీసుకుంటారో చూడాలన్నారు.

నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు మ్యాగజీన్ తీసి పక్కన పెట్టడం, స్లైడ్ లాగి తూటా ఉండే గదిలోకి చూడటం, ఖాళీ అని చూసినా వేలు పెట్టి మళ్లీ చూసుకోవడం. ఆ తర్వాతే మిగతా మాటలు. మొదటిది నోరీన్ చేతికి బరువైంది. రెండోది అద్దంలా మెరిసిపోతోంది.

"ఇది బాగుందే."

"ఆ అక్షరాల మీద వేలితో రాయి" అన్నాను. "అంచులు కరిగిపోయాయి చూడు. ఎవరో లోతైన మచ్చలు దాచడానికి అరగదీసి మెరుగు పెట్టారు. వాడిన స్టెయిన్‌లెస్ మరీ మెరిసిందంటే ముందు అనుమానపడాలి."

మూడోది డాక్టరుగారిది. పెట్టె మూత తీశాను. నోరీన్ స్లైడ్ లాగింది. సునాయాసంగా వచ్చింది. ఆమె మొహం వెలిగింది. పిస్టల్‌ని కిటికీ వెలుతురువైపు తిప్పింది, వెంటనే మొహంలో ఆ వెలుగు పోయింది.

"ఇదేంటి, సత్తీ? తుప్పు. స్టెయిన్‌లెస్‌కి తుప్పంటే దీన్ని సముద్రంలో ముంచి తీసుండాలి. నాకొద్దు."

ఆమె పిస్టల్ గుడ్డ మీద పెట్టేసింది. వసుంధరగారు సంచి గట్టిగా పట్టుకోవడం చూశాను.

భూతద్దం పెట్టి చూశాను. స్లైడ్ ఎడమవైపున మూడు మచ్చలు. ఒకే వరసలో, ఒకే ఎడంలో, ఒక్కొక్కటీ ఉంగరం వేలి కొసంత. ఉప్పుగాలి అలా వరసగా పెట్టదు. గోరుతో గీకితే గోధుమరంగు కింద ఎర్రటి పొడి.

కుంకుమ.

నేను తలతిప్పి వెనక గదిలో ఉన్న మా లేతువైపు చూశాను. ఏటా ఆయుధపూజ నాడు దానికీ మూడు బొట్లు పెట్టేవాణ్ణి నేనే. దానికి ఎన్నడూ ఏమీ కాలేదు. ఎందుకంటే అది ఎప్పుడూ నూనెలో మునిగి ఉండేది. డాక్టరుగారి పిస్టల్ పొడిగా తుడిచిన ఉక్కు. తడిపిన కుంకుమ దానిమీద అంటుకుని, తాళం వేసిన బీరువాలో రోజుల తరబడి చెమ్మని పట్టి ఉంచితే స్టెయిన్‌లెస్ కూడా తట్టుకోదు. పిట్టింగ్ అంటాం దీన్ని, ఉక్కులో పడే సన్నటి గుంటలు.

"వసుంధరమ్మా, దసరాకి దీన్ని పూజలో పెట్టేవారా?"

"ఆయనే తీసి పీట మీద పెట్టేవారు. నేను దూరంగా నిలబడి, చెయ్యి చాచి వేలికొసతో బొట్లు పెట్టేదాన్ని. విజయదశమి వెళ్లి వారం దాటేదాకా తుడవకూడదని అలాగే బీరువాలో పెట్టించేదాన్ని." ఆవిడ లేచి దగ్గరకు వచ్చి చూశారు. "అంటే, తుప్పు పట్టించింది నేనా?"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు.

"ఇన్నేళ్లూ ఈ దేశం సముద్రాన్ని తిట్టిపోశారు అన్నయ్యగారూ ఆ మనిషి. కొత్త బీరువా కూడా కొన్నారు."

నోరీన్‌కి సంగతేమిటో చెప్పాను. పనిముట్టుకి ఏడాదికోసారి దణ్ణం పెట్టుకుంటామనీ, ఇవి ఆ గుర్తులేననీ. ఆమె సావధానంగా విని, "మా అమ్మ ట్రాక్టరు మీద పవిత్రజలం చల్లేది. అదీ తుప్పుపట్టే పోయింది" అంది. శామ్ వెనకనుంచి, "అది మీ నాన్న దాన్ని వానలో వదిలేసినందుకు" అన్నాడు.

"లోతెంత?" అని అడిగింది నోరీన్.

"పైపైనే. సానరాయితో నెమ్మదిగా తీస్తే పోతాయి. అలాగే వదిలేస్తే మాత్రం లోపలికి తింటాయి."

ఆయన ఉన్నప్పుడు ఆవిడ పెట్టిన చివరి బొట్లు అవి. తీసేయమని అడగడానికి నాకు నోరు రాలేదు. నోరీన్‌కి ఆ సంగతి తెలియకపోయినా ఆవిడ మొహం చూసి ఆగింది.

"తీసేయండి" అన్నారు వసుంధరగారు. "ఆయనుంటే పీచు పట్టుకుని ఈపాటికి మొదలుపెట్టేవారు."

నోరీన్ మూడోదే కావాలంది.

ఆ వారం చేసినంత జాగ్రత్తగా నేను ఇంకే పనీ చేయలేదు. నూనె పూసిన సానరాయితో, ఉక్కు మీద తయారీలో పడిన సన్నటి గీతలు ఎటు పోతే అటే పోతూ మచ్చలు తీశాను. ఆ తర్వాత ఉక్కుని తుప్పునుంచి కాపాడే పైపొర మళ్లీ గట్టిపడేలా నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాను. రెండు పూర్తిగా పోయాయి. నడిమిది కాస్త లోతు. దాన్ని పూర్తిగా తీయాలంటే చుట్టుపక్కల పల్లం పడుతుంది. తుప్పు లేకుండా శుభ్రం చేసి, అక్కడ ఆపేశాను. వెలుతురులో ప్రత్యేకంగా వెతికితే తప్ప కనపడదు.

పోలీసుల అనుమతి వచ్చేసరికి దసరా వచ్చింది. పిస్టల్ తీసుకోవడానికి నోరీన్ వచ్చినప్పుడు లేతుకి అప్పుడే బొట్లు పెట్టాను. వసుంధరగారు పులిహోర డబ్బాతో వచ్చి కూర్చున్నారు. శామ్‌కి కారం సరిపోయిందో లేదో అడుగుతున్నారు.

"మెషీనుకి పెట్టావు. మరి నాదానికి?" అంది నోరీన్.

"ఉక్కు మీద పెట్టం. పెట్టె మూత మీద పెడదాం" అని కుంకుమ పళ్లెం అందుకోబోయాను. నోరీన్ దాన్ని నా చేతికి అందకుండా వసుంధరగారివైపు జరిపింది.

"ఇన్నేళ్లూ పెట్టింది ఆమె కదా."

మన ఆచారం నోరీన్‌కి తెలియదు. వసుంధరగారు జనవరి నుంచి కుంకుమ ముట్టలేదని నాకు తెలుసు. ఆవిడ నావైపు చూశారు. నేను పెట్టె ఆవిడ ముందుకు తిప్పి, మూత మీద దుమ్ము తుడిచాను.

ఉంగరం వేలు ముంచి, ఒకే వరసలో, ఒకే ఎడంలో, మూడు పెట్టారు.

వాడిన పిస్టల్ ఎలా ఎంచుకోవాలని ఇప్పటికీ ఎవరైనా అడుగుతుంటారు. బ్యారెల్ చూడండి, స్ప్రింగు చూడండి, మరీ మెరుస్తుంటే నమ్మకండి అని చెప్తాను. మచ్చ కనపడితే వద్దనకముందు అది ఏ ఇంట్లోంచి వచ్చిందో అడగమంటాను. ఆ ఒక్క ప్రశ్న మేము ముందే అడిగి ఉంటే మా సముద్రం మీద అన్నేళ్లు నింద పడేది కాదు.