శుక్రవారం వంతు లేదు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. లెక్కలంటే ఇష్టం లేని మనిషి పుట్టడని ఒకటి, వాటిని నా అంత బాగా చెప్పేవాడు ఇంకా పుట్టలేదని రెండోది. (ఇరవై మూడేళ్ళ వయసు, మీరే క్షమించాలి.) ఒంగోలు వైపు, సాగర్ కాలువ చిట్టచివరి ఊరి హైస్కూల్లో టెంపరరీ లెక్కల మాస్టారిని. తొమ్మిదో తరగతిలో దాదాపు రోజూ ఇద్దరు పిల్లలు నా మొహంలోకే చూస్తూ తలలాడించేవాళ్ళు, మధ్యలో ఒక సందేహం కూడా అడిగేవాళ్ళు. సాయంత్రం గదికి వెళ్ళగానే డైరీలో "క్లాసు శ్రద్ధగా విన్నది" అని రాసుకునేవాణ్ణి. రోజుకో కొత్త జంట తలాడిస్తోందని గమనించకపోలేదు. నా పాఠం రోజుకు ఇద్దరి చొప్పున ఎక్కుతోందని, ఏడాది చివరికి క్లాసంతటికీ ఎక్కేస్తుందని లెక్కేసుకున్నాను.

మిరప కోతల రోజుల్లో ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. ఆయన బాగుందంటే ఉద్యోగం పర్మినెంటు, లేదంటే పెట్టె సర్దుకుని మా ఊరి బస్సెక్కడమే. ఆయన వెనక కుర్చీలో కూర్చున్నారు. నేను బీజగణితం ఎత్తుకుని ముప్పావుగంట ప్రాణం పెట్టి చెప్పాను. ఎందుకో ఆ రోజు ఒక్క తలా ఆడలేదు. చివర్లో ఆయన లేచి వచ్చి, మొదటి బెంచీలో ఉన్న లష్కర్‌ని లేపారు. (వాళ్ళ నాన్న కాలువ తూములు ఎత్తి దించే లష్కరు. కొడుకునీ అందరూ అదే పేరుతో పిలిచేవారు.)

"ఏం బాబూ, మాస్టారు ఇప్పటిదాకా ఏం చెప్పారు?"

వాడు చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "ఇవాళ వంతు నాది కాదండీ," అన్నాడు.

"వంతేమిటి?"

"వినే వంతండీ. ఇవాళ్టి ఇద్దరూ మిరపకాయలు కొయ్యడానికి పోయారండీ."

వెనక బెంచీ నుంచి ఎవరో "ఒరేయ్, చెప్పేశావేంట్రా!" అని పళ్ళు నూరారు. ఇన్‌స్పెక్టర్ గారు చెయ్యి చాపగానే లష్కర్ తన నోటుపుస్తకం అట్ట లోపలి నుంచి గళ్ళు గీసిన కాగితం తీసి ఇచ్చాడు. చివరి భూములకు కాలువ నీళ్ళు వంతులేసి వదిలినట్టే నా పాఠానికీ వంతులేశారు. ముప్ఫై ఆరుగురు, రోజుకు ఇద్దరు. తలాడించడం ఐదు నిమిషాలకోసారి, సందేహం ఒకటి. మిగతావాళ్ళు కళ్ళు తెరుచుకుని నిద్రపోవచ్చు. అడుగున ఒక గమనిక కూడా ఉంది, ఇన్‌స్పెక్టర్ గారు దాన్ని పైకే చదివారు: "శుక్రవారం లెక్కలు ఆఖరి పీరియడ్. వంతు లేదు. ఆ రోజు సారు కూడా వినరు."

"అన్యాయమండీ!" అనబోయి ఆగిపోయాను. శుక్రవారం సాయంత్రాలు మాస్టర్లకు వాలీబాల్. నా నోరు పాఠం చెబుతున్నా కళ్ళు కిటికీలోంచి ఆ నెట్టు మీదే ఉండేవి.

"పోయిన శుక్రవారం చేసిన లెక్కే మళ్ళీ చేశారు సార్," అని లష్కర్ గుర్తుచేశాడు, నాకేదో సాయం చేస్తున్నట్టు.

ఇన్‌స్పెక్టర్ గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎవరికీ ఒక వంతు ఎక్కువ పడలేదు, తక్కువ పడలేదు. పండగలు కూడా తీసేశారు. ఇంత పక్కా లెక్క ఎవరు నేర్పార్రా మీకు?"

"సారేనండీ," అన్నాడు లష్కర్. "నా వంతు రోజున చెప్పారండీ."

ఆ ఒక్క ముక్క మీద నా ఉద్యోగం నిలబడింది. సాయంత్రం గదికెళ్ళి పాత పేజీలు తిరగేశాను. శుక్రవారాలన్నిటికీ ఒకటే వాక్యం: "క్లాసు ప్రశాంతంగా సాగింది." ఉద్యోగం వచ్చిన సంతోషం కన్నా ఆ వాక్యం కొట్టిన దెబ్బే చాలాకాలం గుర్తుంది.

మొన్న ఆ బ్యాచ్ వాళ్ళు ఒంగోల్లో కలుసుకుంటూ నన్నూ పిలిచారు. మైకిస్తే నలభై నిమిషాలు మాట్లాడాను. మొదటి వరుసలో ఒక బట్టతల ఆగకుండా ఊగుతూనే ఉంది.

"ఏరా లష్కరూ, ఇవాళ వంతు నీదా?" అన్నాను.

"లేదు సార్, ఇవాళ తూములన్నీ ఎత్తేశాం!"

హాలంతా నవ్వింది. ఇంటికొచ్చి డైరీలో "అందరూ శ్రద్ధగా విన్నారు" అని రాశాను. రాశాక పేజీ పైన వారం చూశాను. శుక్రవారం. అయినా కొట్టెయ్యలేదు.