ఆస్ట్రేలియాకు పోవడానికి నేను చేసిన దొంగతనం

ఇది సముద్రాలు దాటిన వీరగాథ. నిజం చెప్పొద్దూ, మా ఇంటి నుంచి బెల్లం వండే పాక దాకా నడిచిన కథ. నిన్న అనకాపల్లి స్టేషన్లో రైలు ఆగగానే వేడి బెల్లం వాసనకి గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా నాలుగో తరగతి మాస్టారు చెప్పారు: వెనకటికి ఇంగ్లండులో జైళ్ళు నిండిపోయాయట. ఖైదీలను పంపుకునే అమెరికా చేజారిందట. అందుకని దొంగలను ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు తోలారు. శిక్ష తీరాక కొందరికి భూమి కూడా ఇచ్చారు. నాకు ఓడ ఎక్కాలని ఒకటే కోరిక. ఆ సాయంత్రమే దొంగనైపోదామని నిశ్చయించుకున్నాను.

పాకలో రైతు సింహాచలం మావ పాకం కలుపుతున్నాడు. ఆయన చూస్తుండగానే ఒక వేడి బెల్లం ముద్ద తీసి జేబులో వేసుకున్నాను.

"ఏటిరా, కాలిపోతాది! ఆకులో ఎట్టుకో," అంటూ ఇంకో ముద్ద ఇచ్చాడు.

"మావా, నేను దొంగతనం సేసేను. పోలీసుల్ని పిలిపించు."

"బెల్లం వండేకాడికొచ్చినోళ్ళకి ఎట్టకపోతే నాకే పాపం. దొంగతనమేటి, నీ మొకం! మీ సెల్లికీ అట్టుకెళ్ళు."

పట్టు వదలకుండా మూడు రోజులు వెళ్ళాను. మూడు రోజులూ పెట్టాడు.

ఆస్ట్రేలియాలో ముందే మనుషులుండేవారని, వాళ్ళనెవరూ అడగలేదని పెద్దయ్యాక చదివాను. అడగకుండా ఖండం తీసుకున్నవాళ్ళు దొరలయ్యారు. నేను మాత్రం దొంగను కూడా కాలేకపోయాను.

జేబుకంటిన బెల్లం వేడినీళ్ళలో నానబెడితే పోతుంది.