దిష్టిబొమ్మ ఎటు చూస్తోంది

మా అన్నయ్య కూతురు పద్మ మా ఇంట్లో ఉంటూ తెనాలిలో టెన్త్ చదువుతోంది. ప్రాణం లేనిదాన్ని మనిషిలా చూపిస్తూ ఇంగ్లీషులో ఒక వాక్యం రాసుకు రమ్మన్నారట వాళ్ల మేష్టారు. ఈ సాయంత్రం నన్నడిగింది. నా ఇంగ్లీషు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది కనుక తెలుగులో చెప్పాను: "మా దొడ్లో దిష్టిబొమ్మ ఇంటివైపు తిరిగి మా మాటలు వింటోంది." నవ్వుతూ ఇంగ్లీషులోకి మార్చి రాసుకుంది.

తర్వాత బీరకాయలు కోయడానికి దొడ్లోకి వెళ్లి ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చింది. నా పాత ఖాకీ చొక్కా తొడుక్కుని పొద్దస్తమానం కాలవవైపు చూసే బొమ్మ, ఇప్పుడు ఇంటివైపు తిరిగి ఉంది. మధ్యాహ్నం వానకి దొడ్డంతా బురద. అందులో పద్మ అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు.

"బాబాయ్, నువ్వే తిప్పావు కదా? కాదంటే నేనిక్కడ పడుకోను, అంగలకుదురు అమ్మమ్మ దగ్గరికి పోతా."

"నేనేలేవే. వాన పడకముందే తిప్పా."

"నీకు బుద్ధి రాదు బాబాయ్," అని తిట్టి, స్థిమితపడి అన్నానికి కూర్చుంది.

వాన వెలిశాక కూడా అది కాలవవైపే ఉండటం నేను కిటికీలోంచి చూశాను. ఆ మాట పిల్లకు చెప్పలేదు. చేయని అల్లరికి తిట్లు తినడం నాకిదే మొదలు. ఇది చదివే మా ఊరివాళ్లూ, మీలో ఎవరైనా తిప్పి ఉంటే చెప్పండి, ఏమీ అనను. అది ఇంకా ఇటే చూస్తోంది.