కంచంలో కనబడని కూర

మా ఆయన కంచంలో కూర వదిలేయడం మొదలుపెట్టినప్పుడు నాకు వచ్చినంత కోపం ఈ టెక్సాస్ ఫ్రిస్కో ఊరు మొత్తంలో ఇంకెవరికీ వచ్చి ఉండదు. పప్పూ అన్నం తినేవారు. కంచంలో ఆయనకి దగ్గరగా, ఇవతలి అంచున వేసిన కూర మాత్రం వేసింది వేసినట్టే ఉండేది. గుత్తివంకాయైనా, దొండకాయ వేపుడైనా అంతే. కంచం తీస్తూ పళ్ళు నూరుకునేదాన్ని. అడగలేదు. ఇన్నేళ్ళు లొట్టలేసుకుంటూ తిన్న మనిషి ముట్టుకోవడం మానేస్తే, నచ్చలేదని మళ్ళీ నోటితో వేరే చెప్పించుకోవాలా?

అప్పటికే ఆయన కొన్నిసార్లు పడ్డారు. ఏదో తట్టుకుని ముందుకి కాదు, నిలబడ్డ చోటే వెల్లకిలా. మెట్లు దిగాలంటే కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయేవారు. తప్పంతా దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలోంచి చూసే ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలదే అన్నారు. అద్దాలు మార్పించారు. మళ్ళీ మార్పించారు. పక్క వీధిలో ఉండే వరంగల్ స్నేహితురాలు, "అక్కా, అన్నకి బి ట్వెల్వ్ చెక్ చేయించిన్రా? మన వెజిటేరియన్స్ అందరికీ తక్కువే ఉంటది" అంది. చేయించాం. నిక్షేపంలా ఉంది.

నా భయం వేరు. ఇది మతిమరుపు జబ్బుకి మొదలేమో, అరవై దాటకుండానే నన్ను మరిచిపోతారేమో అని. అందుకని వంటింట్లోంచే పరీక్షలు పెట్టేదాన్ని. "ఏమండీ, మన మొదటి అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ వాళ్ళ కుక్క పేరేంటి?" ఆలస్యంగానైనా సరిగ్గా చెప్పేవారు. అది నా చెప్పు ఎత్తుకుపోయిన సంగతి కూడా కలిపి చెప్పేవారు. అది నాకే గుర్తు లేదు.

చివరికి న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ తన వేలినే చూడమన్నారు. వేలు అటూ ఇటూ జరిపితే ఆయన కళ్ళూ వెళ్ళాయి. తర్వాత వేలు కిందికి దించారు. కళ్ళు దిగలేదు. వేలు ఆయన గడ్డం దాటి ఛాతీ దాకా వచ్చింది. కళ్ళు మాత్రం ఎదుటి గోడ మీదే ఉన్నాయి.

"కిందికి చూడండి" అన్నారావిడ.

"చూస్తూనే ఉన్నాను" అన్నారీయన.

అప్పుడావిడ ఆయన తలని రెండు చేతులతో పట్టుకుని, తన ముక్కునే చూస్తూ ఉండమని చెప్పి, గడ్డాన్ని మెల్లగా పైకెత్తారు. ఈసారి కళ్ళు వాటంతటవే కిందికి జారాయి. అంటే కళ్ళు బాగానే ఉన్నాయి. కిందికి చూడమనే కబురే వాటికి అందడం లేదు.

ఎమ్మారై కూడా అయ్యాక జబ్బు పేరు చెప్పారు. పీఎస్పీ, అంటే ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ. మెదడు కణాల్లో సరుకు మోసే సన్నటి దారులుంటాయట. అవి విడిపోకుండా పట్టి ఉంచే ప్రోటీన్ టౌ. అది దారిని వదిలేసి, తనలో తనే చిక్కుపడి ముద్దలు కడితే కణం చచ్చిపోతుందట. అల్జీమర్స్‌లోనూ ఈ టౌ ఉంటుంది, కాకపోతే అక్కడ జ్ఞాపకాల చోట మొదలవుతుంది. ఈయనకి మెదడు కిందిభాగంలో, చూపునీ నిలకడనీ నడిపించే చోట.

"ఒకే బగ్. మాడ్యూల్ వేరు" అన్నారు సాఫ్ట్‌వేర్ మనిషైన మా ఆయన, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "మరి ఫిక్స్?"

ఆపే మందు ఇప్పటికి లేదన్నారావిడ. ముందు ముందు మాట తగ్గుతుందనీ, మింగడం కష్టమవుతుందనీ చెప్పారు. నాకు కావలసింది ఒక్కటే. "మమ్మల్ని మరిచిపోతారా?" అని అడిగాను. ఆలోచన నెమ్మదిస్తుంది గానీ, మనుషులూ జ్ఞాపకాలూ చాలావరకు ఉంటాయన్నారు. హమ్మయ్య అనుకున్నాను, పిచ్చిదాన్ని.

తిరిగొస్తుంటే కార్ నేనే డ్రైవ్ చేస్తున్నాను. హైవే ఎక్కాక ఆయన అన్నారు. "అంటే, జరిగేదంతా నాకు తెలుస్తూనే ఉంటుందన్నమాట."

ఇన్నాళ్ళూ నేను దేవుణ్ణి కోరుకున్నది సరిగ్గా అదే. నేను కోరింది ఇదా అని నా మీద నాకే భయం వేసింది.

ఇంటికొచ్చి వంకాయ కూర చేశాను. టేబుల్ మీద ఇడ్లీ కుక్కర్ బోర్లించి, దాని మీద కంచం పెట్టాను. కంచం ఆయన గడ్డం దాకా వచ్చింది. ఆయన దాన్నే కాసేపు చూశారు. తర్వాత కూర మొత్తం తినేశారు.

"ఎన్నాళ్ళయింది నువ్వీ కూర చేసి" అన్నారు.

"వారం వారం చేస్తూనే ఉన్నానండీ."

"వాసన వచ్చేది. నా మీద అలిగి, నీ ఒక్కదానికే చేసుకుంటున్నావనుకున్నాను."

"మరి అడగొచ్చుగా?"

"అడిగితే ఇంకా కోపం వస్తుందని."

ఆ నాలుగు మాటలకీ ఆయనకి చాలాసేపు పట్టింది. "ఇంకేమేం అడగలేదో అవన్నీ ఇప్పుడే అడిగేయండి, మాట ఉండగానే" అన్నాను.

ఆయన ఆలోచించారు. నేను ఎదురుగా, ఆయన చూపు ఆనే ఎత్తులో కూర్చుని కాచుకున్నాను.

"ముందు ఇంకాస్త కూర వెయ్యి" అన్నారు.