గలుస్త్ తల తడిసిన ఆదివారం

వర్దవార్ పండుగనాడు పొడిబట్టలతో ఇల్లు చేరిన మనిషిని మా ఊళ్లో ఎవరూ నమ్మరు. ఆ రోజు ఎవరు ఎవరి మీద నీళ్లు కుమ్మరించినా కోపం తెచ్చుకోకూడదు. కోడలు అత్తను తడుపుతుంది, పిల్లలు పోలీసును తడుపుతారు, లెక్కల మాస్టారు మేడ మీద బకెట్ పట్టుకుని నిలబడి ఏడాది పాటు తనను ఏడిపించిన వాళ్లందరి లెక్కా తేలుస్తాడు. జలప్రళయం తగ్గాక ఓడ దిగిన నోవహు తన కొడుకులను ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చల్లుకోమన్నాడట, అప్పటి నుంచీ ఇది సాగుతోందని మా పెద్దవాళ్లు చెబుతారు. ఓడ ఆగిన కొండ మా వంటింటి కిటికీలోంచే కనిపిస్తుంది, కాబట్టి ఈ విషయంలో మాతో వాదనకు ఎవరూ రారు.

అలాంటి ఊళ్లో అరవై దాటిన గలుస్త్ ఒక్కడు పండుగ నీళ్లు చుక్క కూడా మీద పడకుండా ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చాడు. పైగా ఆయన బతుకంతా నీళ్లతోనే. ఆయన మా ఊరి నీరటికాడు. ఊరికి ఇటుపక్కనున్న అరగత్స్ కొండ మీద మంచు కరిగి కాలువలోకి దిగితే, ఎవరి తోటకు ఎప్పుడు పారాలో, ఎంతసేపు పారాలో చెప్పేది ఆయనే. భుజాన పార, కాళ్లకు రబ్బరు బూట్లు, మీసం కింద ఎప్పుడూ ఒక విసుగు. ఇంకాస్తసేపు పారనివ్వమని బతిమాలితే నీళ్లు మా ఇంట్లో కాస్తున్నాయా అని కసిరి, పారతో మట్టి లాగి పిల్లకాలువ మూసేసేవాడు. వంతు అయిపోయిందని సొంత పెళ్లాం చిక్కుడు మడికి కూడా మూసేశాడు. జెన్యా అలిగి వారం పాటు ఆయనకు ఉప్పు లేని పులుసు పోసింది. వర్దవార్ వచ్చిందంటే మాత్రం ఊరు నిద్ర లేవకముందే కాలువ గుడిసెలోకి దూరి లోపల గడియ పెట్టుకునేవాడు. కుర్రాళ్లు తలుపు బాది బాది, తెచ్చిన నీళ్లు తలుపు మీదే పోసి వచ్చేవాళ్లు. ఆ పిసినారితనం నీళ్ల దగ్గర మొదలై ఒంటిదాకా పాకిందని నేను అనేదాన్ని. నాకు నోరెక్కువ, అందరికీ తెలిసిందే.

కానీ ఆయన మాకు కవోర్. మా ఇంట్లో బిడ్డ పుడితే బాప్తిస్మానికి ఎత్తుకుని నిలబడే జ్ఞానతండ్రి వాళ్లింటి నుంచే రావాలి. తాతల నాటి నుంచీ అంతే. మొగుణ్ణయినా మార్చుకుంటారు గానీ కవోర్‌ను మార్చుకోరు. కవోర్ గడపలో కాలు పెడితే కూర్చున్నవాళ్లం లేచి నిలబడతాం. ఆయన్ను తిట్టాలన్నా ముందు "కవోర్ గారూ" అని మొదలుపెట్టి తిట్టాలి, నా కష్టం అది. నా పిల్లలప్పుడు ఆయన తమ్ముడు మెలిక్ వచ్చి నిలబడ్డాడు. గలుస్త్‌కు ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం, నడుము పట్టేసిందనో కాలువకు గండి పడిందనో. మెలిక్ పోయిన చలికాలంలో కన్నుమూశాడు. ఈ వేసవిలో నా మనవరాలు నూనేకు బాప్తిస్మం చేయిద్దామనుకునేసరికి ఆ ఇంట్లో మిగిలిన మగదిక్కు గలుస్త్ ఒక్కడే.

వర్దవార్ ఆదివారమే మంచిదనుకున్నాం. ముందురోజు మధ్యాహ్నం మా గుడి పాదిరి తేర్ ఓహాన్, గలుస్త్ దంపతులు మా పెరట్లో కూర్చున్నారు. గొర్రె మాంసం ఉల్లిపాయల్లో ఊరుతోంది, లవాష్ రొట్టెలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. పాదిరికి మల్బరీ సారా ఒక గ్లాసు పడిందంటే ప్రసంగం దానంతటదే వస్తుంది. నీళ్ల పండుగ కదా, నీళ్లతోనే ఎత్తుకున్నాడు. గ్రంథంలో నీళ్లు ఊరికే నీళ్లుగా ఎక్కడా ఉండవన్నాడు. వెలుగు కూడా పుట్టకముందే దేవుడి ఆత్మ నీళ్ల మీద అల్లాడిందట. అవే నీళ్లు నోవహు నాడు సమాధి అయ్యాయి, మోషే నాడు చీలి తలుపయ్యాయి, ప్రభువు మునిగిన యొర్దాను నదిలో తల్లి కడుపయ్యాయి. మునిగేది ఒక మనిషి, పైకి లేచేది ఇంకో మనిషి అన్నాడు.

బావుల సంగతి మరిచిపోయారేమని నేను అందుకున్నాను. గ్రంథంలో రిబ్కాకు సంబంధం కుదిరింది బావి దగ్గర, రాహేలుకూ బావి దగ్గరే, సిప్పోరాకూ బావి దగ్గరే. నాకు వీధి కుళాయి దగ్గర కుదిరింది. వర్దవార్ నాడు మా ఆయన నా నెత్తిన కడవెడు నీళ్లు గుమ్మరించాడు, నేను తిట్టబోయేసరికి ఇంత వెడల్పున నవ్వాడు, అక్కడితో నా పని అయిపోయింది. ఆ మనిషి ఇప్పుడు నాకు మంచినీళ్ల గ్లాసు కూడా అందివ్వడని చెప్తే జెన్యా పడీపడీ నవ్వింది. గలుస్త్ మాత్రం నవ్వలేదు. మోషే రాతిని కొట్టి నీళ్లు తెప్పించినప్పుడు అంతమంది జనానికి వంతులు ఎవరు వేశారని సీరియస్‌గా అడిగాడు. అందరం నవ్వుతో ఊపిరాడక బల్ల మీద వాలిపోయాం.

ఆ నవ్వుల్లోనే పాదిరి, అడగాల్సిన మాట కనుక, మాటవరసకు అడిగాడు. కవోర్‌గా నిలబడేవాడు బాప్తిస్మం పొంది ఉండాలి కదా, మీది ఎక్కడయింది అని. అది మా ఊళ్లో కుక్కపిల్లకు కూడా తెలుసని నేనే చెప్పాను. దేవుడి పేరెత్తితే నేరమైన ఆ రోజుల్లో గలుస్త్ నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి, సమష్టి క్షేత్రానికి చైర్మన్, గుడిని ధాన్యం గోదాము చేసింది ఆయనే. ఆయన్ను కన్న ఖాతున్ అవ్వ కొడుకు కళ్లు గప్పి, మనవణ్ణి చంకనేసుకుని ఎచ్మియాజిన్ పెద్దగుడికి వెళ్లి బాప్తిస్మం చేయించుకొచ్చింది. చైర్మన్ తల్లికే లేని భయం మనకేమిటని మిగతా అవ్వలు కూడా ఒకరి వెనక ఒకరు చాటుగా వెళ్లారు. మా ఆయన తల తడిసింది అప్పుడే.

గలుస్త్ గ్లాసు పక్కన పెట్టాడు.

"కాలేదు. నాకు బాప్తిస్మం కాలేదు," అన్నాడు.

జెన్యా నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది? నాకు ఒళ్లు మండిపోయింది. ఊరంతటినీ పిలిచాం, గొర్రెను కోశాం, ఇప్పుడా చెప్పడం? ఇన్నేళ్లు నోరు మూసుకున్నవారు ఇంకొక్క రోజు మూసుకుంటే ఏం పోయింది కవోర్ గారూ అని అడిగేశాను. పసిదాన్ని చేతుల్లో పెట్టుకుని దేవుడి ముందు అబద్ధం ఎలా ఆడను సిరానుష్ అన్నాడు. ఎప్పుడూ కసిరే మనిషి అంత మెల్లగా మాట్లాడితే నాకు తిట్టడం కుదరలేదు.

తేర్ ఓహాన్ చేతులు రుద్దుకున్నాడు. ఇందులో గుండె బాదుకోవాల్సిందేమీ లేదు, పొద్దున ముందు గలుస్త్‌కు బాప్తిస్మం ఇస్తాను, తడి ఆరకముందే ఆయన పాపకు కవోర్‌గా నిలబడవచ్చు అన్నాడు. నేను పాదిరికి ఇంకో గ్లాసు పోశాను. పోస్తూ పోస్తూ ఆగాను. గలుస్త్‌కూ ఒక కవోర్ కావాలి కదా. వాళ్లింటికి కవోర్లు సేయ్రాన్ వాళ్లు. ఆ ఇంట్లో ఉన్న మగవాడు సేయ్రాన్ ఒక్కడే. నిండా పాతికేళ్లు లేవు, అష్తరాక్‌కు మినీబస్సు నడుపుతాడు. గలుస్త్ చెయ్యెత్తితే ఆ బస్సు ఆగదు. రెండేళ్ల కిందట సేయ్రాన్ వాళ్లమ్మ టమాటా మడికి వంతు కాని వేళ నీళ్లు తిప్పుకున్నాడని గలుస్త్ బజారులో అందరి ముందూ అతణ్ణి నీళ్లదొంగ అన్నాడు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఈయనను ఒక్కణ్ణే పంపితే కాలువ గట్టు మీదే కూలబడతాడని నేనూ వెంట వెళ్లాను. వెళ్లేసరికి సేయ్రాన్ రబ్బరు గొట్టం పట్టుకుని బస్సు కడుగుతున్నాడు. నీళ్లు ధారగా రోడ్డు పాలవుతున్నాయి. ఆ నీళ్లను చూస్తూ నోరు మూసుకోవడానికి గలుస్త్ పడ్డ యాతన నేను ప్రసవమప్పుడు కూడా పడలేదు.

"ఏంటి బాబాయ్, గొట్టం కోసెయ్యడానికొచ్చావా?" అన్నాడు సేయ్రాన్.

గలుస్త్ వచ్చిన పని చెప్పాడు. సేయ్రాన్ ముందు నమ్మలేదు, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వీ నవ్వీ బస్సు మెట్టు మీద చతికిలబడ్డాడు. నేను నీకు కవోర్‌నైతే నన్ను చూడగానే నువ్వు లేచి నిలబడాలి, పండుగలకు నా చెయ్యి ముద్దు పెట్టుకోవాలి, తెలుసా అన్నాడు. తెలుసన్నాడు గలుస్త్. మరి ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగాడు సేయ్రాన్. అప్పుడు చెప్పాడు గలుస్త్.

ఖాతున్ అవ్వ బయల్దేరిన మాట నిజం. వంతెన మీద వెళ్తే చైర్మన్ తల్లిని ఎవరైనా గుర్తుపడతారని కసాఖ్ వాగు రేవులోకి దిగింది. కొండ మీద మంచు కరిగే రోజులు. మనవణ్ణి భుజాన కూర్చోబెట్టుకుని వాగు తగ్గుతుందని పొద్దు వాలేదాకా నిలబడింది. తగ్గలేదు. వెనక్కి వచ్చింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు అయిందా అని ఆశగా అడిగితే, అయిందని చెప్పింది. కాలేదంటే ఇంక ఏ తల్లీ గడప దాటదని తెలుసు.

"పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది," అన్నాడు గలుస్త్. "మోషేకు సముద్రమే దారిచ్చింది, నాకు మన వాగు కూడా ఇవ్వలేదురా, నా మాట మాత్రం పోనివ్వకు అంది. తర్వాత గుడి తెరిచారు, అప్పటిదాకా కానివాళ్లంతా వరసలో నిలబడి బాప్తిస్మం తీసుకున్నారు. నేను వెళ్తే అవ్వ అబద్ధాలకోరు అయిపోతుంది. వర్దవార్ నీళ్లు మీరందరూ పోసుకునే నీళ్లు. వాటిలో నాకు వంతు లేదు కదా, అందుకే తలుపేసుకునేవాణ్ణి."

వంతు లేదట. ఆ మనిషిని నేను పిసినారి అన్నాను. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. సేయ్రాన్ లేచి కుళాయి కట్టేశాడు.

"పొద్దున ఎన్నింటికి రమ్మంటావ్? ఇస్త్రీ చొక్కా ఉందో లేదో చూసుకోవాలి," అన్నాడు.

ఇంటికి వస్తూ గలుస్త్ అవ్వ పరువు గురించే కుమిలిపోయాడు. రేపు అందరూ ఆవిడను చూసి నవ్వుతారన్నాడు. ఆ సంగతి నాకు వదిలెయ్యమన్నాను. పొద్దు గూకేలోగా ఊళ్లో నేను ఎక్కని గడప లేదు. ఖాతున్ అవ్వ ఒక్క అబద్ధంతో ఊరంతటి పిల్లలకూ బాప్తిస్మం చేయించింది, తను చంకనేసుకుని వెళ్లిన మనవడికి తప్ప, అని చెప్పాను. నా నోరు పుట్టిన తర్వాత ఇంత మంచి పని ఎప్పుడూ చెయ్యలేదు.

ఆదివారం గుడిలో కాలు పెట్టడానికి చోటు లేదు. చిన్నప్పుడు చాటుగా తల తడుపుకున్న ముసలివాళ్లందరూ కర్రలు పొడుచుకుంటూ వచ్చారు. మా బాప్తిస్మం ప్రార్థనలో పెద్దవాళ్లకు వేరే మాటలేం లేవు, పసివాళ్లకు చెప్పేవే. పాదిరి కవోర్ వైపు తిరిగి, "ఈ బిడ్డ ఏమి కోరుతున్నాడు?" అని అడిగాడు. తెల్ల మీసాల బిడ్డ పెళ్లినాటి కోటులో బిగుసుకుని నిలబడ్డాడు. వెనకెవరో కిసుక్కుమన్నారు, దాంతో గుడి గుడంతా భుజాలు కదిపింది, పాదిరితో సహా. సేయ్రాన్ ఒక్కడు నవ్వలేదు. ముసలాయన భుజం మీద చెయ్యి వేసి, "విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ, బాప్తిస్మం," అన్నాడు. మూడుసార్లు అడగాలి, మూడుసార్లు చెప్పాలి. మూడుసార్లూ చెయ్యి తియ్యకుండానే చెప్పాడు.

బట్టతల మీద నీళ్లు పడ్డాయి. గలుస్త్ చప్పున రెండు అరచేతులూ గడ్డం కింద పట్టాడు, ఒక్క చుక్క నేల పాలు కానివ్వకుండా. పాదిరి మళ్లీ పోశాడు. దోసిలి నిండింది, వేళ్ల సందుల్లోంచి కారిపోయింది, ఆయన చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత నూనేను ఎత్తుకుని నిలబడి జవాబులు ఎంత గట్టిగా చెప్పాడంటే పిల్ల ఏడుపు ఆపేసి ఆయన మీసం వైపే చూసింది. చివర్లో తేర్ ఓహాన్ ఖాతున్ అవ్వ పేరు చెప్పి ప్రార్థన చేశాడు. కర్రల మీద ఉన్నవాళ్లు కూడా మోకాళ్లూనారు.

తలుపులు తెరిచేసరికి మెట్ల కింద ఊరి కుర్రాళ్లందరూ బకెట్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఇన్నేళ్ల బాకీ మరి. పాదిరి చేతులు చాపి అడ్డం పడ్డాడు. పరిశుద్ధ తైలం రాసిన ఒళ్లు మూడు రోజులు తడవకూడదు. పాప తడవకూడదు, ఈయనా తడవకూడదు. కుర్రాళ్ల మొహాలు వాడిపోయాయి. అందరికంటే ఎక్కువ వాడింది గలుస్త్ మొహం. కొంచెం పోస్తే ఏమవుతుంది తేర్ ఓహాన్ అని పసివాడిలా బతిమాలాడు. కుదరదన్నాడు పాదిరి.

గలుస్త్ కోటు జేబులోంచి పెద్ద కాలువ షట్టర్ తాళం చెవి తీశాడు. దాన్ని పెళ్లాం చేతికి కూడా ఇచ్చి ఎరగడు. పాపను ఒక చేత్తో పట్టుకుని, వంగి సేయ్రాన్ చెయ్యి ముద్దు పెట్టుకుని, ఆ చేతిలో చెవి పెట్టాడు.

"వెళ్లి తెరవండి, కవోర్," అన్నాడు.

సేయ్రాన్ చెవి వైపు చూశాడు, ముసలాయన వైపు చూశాడు, ఇస్త్రీ చొక్కాతో పరుగెత్తాడు. గుడి వెనక ఇనుప తలుపు కిర్రుమంది. కొండ నీళ్లు కాలువ దాటి వీధి మొత్తాన్ని కప్పుకుంటూ దిగొచ్చాయి. ముసలివాళ్లు కర్రలు పారేశారు, పాదిరి అంగీ ఎగ్గట్టాడు, జెన్యా నీళ్లలో కూర్చుని రెండు చేతులా జనం మీద చల్లింది. ఊరంతా తడుస్తోంది, మెట్ల మీద గలుస్త్, పాప ఇద్దరే పొడిగా ఉన్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ పూట వంతు మా ఆప్రికాట్ తోటది. అలవాటైన నోరు ఊరుకోలేదు, కవోర్ గారూ ఇవాళ నీళ్లు మావి కదా అని కింద నుంచి అరిచాను.

"ఇవాళ మా అవ్వ వంతు, సిరానుష్," అన్నాడు.

నేను చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాను.